నూతిలో నీరు, గుడిలో కానుక: మన సంఘాలు అప్పజెప్పవలసిన లెక్క

శతాబ్ది సంచికకు వ్యాసం వ్రాయమంటే సామాన్యంగా ఏ గుడి ఎప్పుడు కట్టారు, ఏ దొరగారు ఏ ఊరికి వచ్చారు, ఏ బిషప్పుగారి కాలంలో ఎన్ని బడులు వెలిశాయి అన్న సంగతులు వ్రాయటం ఆనవాయితీ. అవి వ్రాయవలసినవే. ఆ పనికి మాకంటె అనుభవజ్ఞులైన పెద్దలు ఉన్నారు గనుక మేము వేరొక లెక్క తీయదలచాము. ఇన్నేళ్ళుగా మన సంఘాలు తాగిన నీరు ఎక్కడిది? కోత పండుగనాడు బల్ల ముందు పెట్టిన ధాన్యం ఎటువంటి నేలలో పండినది? మన గుడి ఆవరణలలోని చెట్లను నాటినవారెవరు, కొట్టినవారెవరు? సంఘ చరిత్రలో ఇవి చిన్న విషయాలని మేము అనుకోవటం లేదు.

పర్యావరణం అనే మాట మన ప్రసంగాలలోకి వచ్చి ఎంతో కాలం కాలేదు. జూన్ నెలలో ఒక ఆదివారం పర్యావరణ ఆదివారమని ఆచరిస్తున్నాము. ఆనాడు ఒక మొక్క నాటుతాము, ఫోటో తీయించుకుంటాము. మరుసటి జూన్‌లో అదే గుంటలో మరొక మొక్క నాటుతాము. (ఆ గుంటకు మాత్రం ఏ లోటూ రాలేదు!) ఇది పరిహాసానికి వ్రాయటం లేదు. పని ఎందుకు నిలవటం లేదో తెలుసుకోవాలంటే మన సంఘాలకు నేలతో, నీటితో ఉన్న సంబంధం ఎటువంటిదో ముందు తెలియాలి.

ఒక పర్యావరణ ఆదివారంనాడు ఆరాధన ముగిసిన తరువాత పల్లెలోని ఒక పెద్దాయన మమ్మల్ని నిలబెట్టి, "అయ్యగారూ, దేవుడు భూమిని మనకు అప్పజెప్పాడని చెప్పారు. మాకు అప్పజెప్పింది ఏ సర్వే నంబరులోనిదండీ? సెంటు నేల కూడా లేదు గదండీ" అన్నారు. నవ్వుతూనే అన్నారు గాని అది నవ్వి ఊరుకోవలసిన ప్రశ్న కాదు. తెలుగు సంఘాలలో అత్యధికులు తరతరాలుగా నేల మీద పనిచేసినవారే గాని నేల ఉన్నవారు కారు. భూమికి గృహనిర్వాహకులై ఉండండని అటువంటివారికి చెప్పేటప్పుడు బోధకుడు కొంచెం ఆలోచించి నోరు విప్పాలి. వారి చేతులు ఈ నేలకు ఏమి చేశాయో, ఈ నేల వారికి ఏమి చేసిందో చరిత్రలో ఉన్నది.

1876లో వానలు తప్పాయి. తెలుగువారు ధాత కరువు అని పిలిచిన ఆ కరువు 1878 వరకు మద్రాసు రాజధానిని పీడించింది. సర్కారు కరువు పనులు తెరిచింది. మన్ను తవ్వే మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా డబ్బు చాలునని రిచర్డ్ టెంపుల్ అనే ఉన్నతాధికారి 1877లో నిర్ణయించాడు. పౌను అంటే అరకిలోకు కాస్త తక్కువ. ఆ తిండితో మనిషి నిలువలేడని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ గట్టిగా అభ్యంతరం చెప్పవలసి వచ్చింది.

ఆ సమయంలో ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు ఉన్నారు. మనది వేరే మిషను చరిత్ర అయినా ఈ సంగతి తెలుగు సంఘాలన్నిటిదీ. మిషనరీ కాక మునుపు ఆయన తన దేశంలో భూములు కొలిచే సర్వే పని చేసినవారు. ఆ నేర్పుతో, తవ్వకంలో ఉన్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుగా తీసుకున్నారు. కరువువారు గుంపులు గుంపులుగా పనికి వచ్చారు. సంఘంలోని బోధకులే పని మీద మేస్త్రీలు. పగలు తవ్వకం, విశ్రాంతి వేళలలో బోధ. అన్నం కోసం మతంలో చేరుతున్నారనే మాట రాకూడదని ఆయన కరువుకాలంలో పదిహేను నెలలపాటు బాప్తిస్మాలు ఆపివేశారు. చివరకు 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కనాడే 2,222 మందికి బాప్తిస్మం జరిగిన సంగతి సండే స్కూలు పిల్లలు కూడా చెబుతారు. ఆ సంఖ్యను అందరమూ జ్ఞాపకం ఉంచుకున్నాము. దానికి ముందు తవ్విన మన్నును మాత్రం మరచాము.

పెద్దగంజాం నుండి దక్షిణాన మరక్కాణం వరకు సముద్రతీరం వెంబడి సాగే ఆ కాలువలో ఒకప్పుడు పడవల మీద ఉప్పు, వరి, వంటచెరకు మద్రాసుకు చేరేవి. రైళ్ళు, లారీలు వచ్చిన తరువాత పడవలు పోయాయి, కాలువ పూడింది, తుమ్మ పొదలు మొలిచాయి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఆ కాలువే సముద్రపు నీటిని కొంత తనలోకి తీసుకుని తిరిగి వెనుకకు పంపిందని, దాని అవతలనున్న ఊళ్ళకు అంతమేరకు నష్టం తప్పిందని పరిశీలించినవారు వ్రాశారు. అరపౌను, పౌను ధాన్యం లెక్కల కాలంలో ఎముకల గూళ్ళై తవ్వినవారి పని, నూట ఇరవై ఏడేళ్ళ తరువాత వేరెవరి బిడ్డలకో అడ్డుగా నిలిచింది. సెంటు నేల లేనివారు చేసిన పని ఇది. ఆ పెద్దాయన ప్రశ్నకు ఇది పూర్తి జవాబు కాదని మాకు తెలుసు. ఆ కాలువ గట్టు మీద కూడా వారికి సెంటు రాలేదు కదా.

ఇక నూతి సంగతి. ఊరి నూతిలో చేద వేయటానికి పల్లెవారికి హక్కు లేని రోజులను చూసినవారు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. ఎవరైనా దయతలచి తోడి పోసేదాక కుండ పట్టుకుని గట్టుకు దూరంగా నిలబడాలి. లేదంటే చెరువులో పశువులు దిగే వైపున ముంచుకోవాలి. మిషనులు పల్లెలో ప్రార్థన గది కట్టిన చోట చాలాసార్లు ఒక నూయి కూడా తవ్వించాయి. బడి, గుడి, నూయి ఈ మూడింటిలో పల్లెలోని ఆడవారి నడుముకు మొదట విశ్రాంతినిచ్చింది నూయి. వాగ్దానాల కంటె ముందు దాహం తీరింది. అందుకే కాబోలు, పాత సంఘాలలో నూతి గట్టు మీద చెప్పులు వేసుకుని నడిచేవారు కాదు, అక్కడ బట్టలు ఉతకనిచ్చేవారు కాదు. కాపలా ఎవరూ పెట్టలేదు. ఎంత ఆలస్యంగా దొరికిన నీరో అందరికీ తెలుసు.

1950లో రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దు చేసింది, 1955లో దానిని శిక్షించే చట్టం వచ్చింది. అయినా నీటి దగ్గర పరిస్థితి చట్టంతో మారలేదనటానికి కారంచేడు సాక్ష్యం. 1985 జూలైలో ఆ ఊళ్ళో మాదిగపల్లె వారు మంచినీటికి వాడుకునే చెరువు దగ్గర ఆసాములలోని యువకులు గేదెలను కడుగుతూ ఆ మురికిని నీటిలో కలుపుతుంటే వద్దన్నందుకు తగవు పుట్టింది. నీళ్ళకు వచ్చిన ఒక స్త్రీ తన బిందెనే అడ్డం పెట్టుకుంది. మరునాడు, జూలై 17న, పల్లె మీద పడి ఆరుగురిని చంపారు, ఆడవారిని చెరిచారు. మిగిలినవారు ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాలకు తరలిపోయారు. ఆ పల్లెలో క్రైస్తవులు ఎందరో ఉన్నారు. ఈ ఘటనను కుల చరిత్రలో వ్రాస్తారు, రాజకీయ చరిత్రలో వ్రాస్తారు, అది న్యాయమే. మేము దానిని పర్యావరణ చరిత్రలో కూడా వ్రాయాలంటాము. తాగే నీటిలో మురికి కలపవద్దని చెప్పినందుకు మన తెలుగునాట మనుషులు చనిపోయారు. పర్యావరణం అనేది పొద్దుపోని పట్టణవాసుల ముచ్చట అని మన కమిటీలలో ఎవరైనా అంటే, ఆ బిందెను వారికి జ్ఞాపకం చేయవలసి ఉంటుంది.

తరువాత బోరు వచ్చింది. ఇది మనవారిలో చాలామందికి తెలియని కథ గనుక కొంచెం నిదానంగా చెబుతాము. దక్కను పీఠభూమిలో పది పన్నెండు గజాలు తవ్వితే బండ తగులుతుంది. కరువు వచ్చి నూతులు ఎండితే అడుగున బండను పగులగొట్టటం మనుషుల వల్ల అయ్యే పని కాదు. 1960ల చివరి కరువులలో ఈ గట్టి రాతిని గాలి ఒత్తిడితో తొలిచే యంత్రాలను మహారాష్ట్రలోని జాల్నా వంటి చోట్ల వాడి చూపినవారిలో క్రైస్తవ మిషనులు ముందున్నాయి. ప్రొటెస్టెంటు, కథోలిక సంఘాలు కలిసి ఆహారోత్పత్తి కోసం అఫ్రో అనే సంస్థను ఏర్పరచుకున్నది కూడా 1966లోనే. బోరు తవ్వటం ఒక ఎత్తు, దాని మీద నిలిచే పంపు మరొక ఎత్తు. విదేశాల పోత ఇనుము పంపులు ఒక్క కుటుంబం వాడకానికి చేసినవి. పల్లెలో వందలమంది పొద్దుగూకులూ కొడితే నెలకే విరిగేవి. జాల్నా, షోలాపూరు మిషను కర్మాగారాలలోని మెకానిక్కులు దానికి ఇనుప రేకుతో, గట్టి బేరింగులతో కొత్త రూపు కల్పించారు. ఆ షోలాపూరు పంపు ఆధారంగానే 1970లలో యూనిసెఫ్ వారి తోడ్పాటుతో ఇండియా మార్క్ 2 అనే చేతిపంపు తయారైంది. మీ ఊరి బడి ముందు, మీ గుడి మూలన ఉన్నది, లేదా ఒకప్పుడు ఉండి ఇప్పుడు తుప్పు పట్టినది అదే. తరువాత అది ఎన్నో దేశాలకు వెళ్ళింది.

ఇది సంఘం గర్వించదగ్గ సేవే. కాని చరిత్ర అక్కడ ఆగలేదు. చేతిపంపు మనిషి చేయి నొచ్చేదాకానే నీరు తోడుతుంది. అదే రంధ్రంలో కరెంటు మోటారు దించితే దానికి నొప్పి లేదు. 1980ల తరువాత మెట్ట ప్రాంతాలలో పొలం పొలానికీ బోరు వచ్చింది. నూతులు ముందు ఎండాయి, తక్కువ లోతు బోర్లు తరువాత ఎండాయి, ఉన్నవాడు ఇంకా లోతుకు వెళ్ళాడు, లేనివాడు ట్యాంకరు కోసం నిలబడ్డాడు. గట్టి రాతి నేలల్లో లోతుకు పోయినకొద్దీ చాలాచోట్ల నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా ఉంటుంది. మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని వైద్యులు మొదట గుర్తించినది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు వంకరపోయిన కాళ్ళతో ప్రార్థనకు వచ్చే విశ్వాసులను చూసిన బోధకులకు దీని మీద ప్రసంగం అక్కరలేదు.

దీనినిబట్టి మిషనులు బోరు తవ్వించి తప్పు చేశాయని మేము అనము. దాహంతో ఉన్నవానికి నీరిచ్చారు. అయితే ఇచ్చిన నీటికి లెక్క వ్రాసుకునే అలవాటు ఎవరూ ఇవ్వలేదు. మా వ్యాసమంతా ఈ ఒక్క మాట చుట్టే తిరుగుతున్నది.

లెక్క అంటే మన సంఘాలకు కొత్త కాదు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది దోర్నకల్ బిషప్పు అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు. 1945 జనవరి 1న కన్నుమూసేదాక ఆయన పట్టుదలగా చెప్పినది ఏమంటే, ఎంత పేద సంఘమైనా ఇవ్వగలదు, ఇవ్వాలి. కూలివానికి చేతిలో డబ్బు ఆడదు. అందుచేత వండే ముందు తీసిపెట్టిన పిడికెడు బియ్యం, పెట్టిన గుడ్లలో ఒకటి, పాదుకు కాసిన మొదటి గుమ్మడికాయ కానుకలయ్యాయి. కోత పండుగనాడు బండ్ల మీద వచ్చేవారు. బల్ల ముందు జొన్న కంకులు, సజ్జ కంకులు, కందులు, నువ్వులు, మిరపకాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, ఒక మూల మేకపిల్ల. ఆరాధన ముగిశాక వేలం. ఆ కోడి పాటలో పెద్దల మధ్య వచ్చిన పౌరుషాలు కథలు కథలుగా చెప్పుకునేవారు. అన్నీ పుస్తకంలో వ్రాసేవారు, ఎవరి ఇంటినుండి ఎన్ని శేర్లు అని.

ఆ పుస్తకాలను మేము రెండు మూడు పాత సంఘాలలో చూశాము. చెదలు తిన్నంత తిని మిగిల్చిన పుటలలో కూడా ఒక సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. అది కానుకల పట్టీయే కాదు, ఆ ఊరి పంటల పట్టీ. ఇంకా ముందుకు తిప్పితే జొన్న తగ్గి వరి పెరుగుతుంది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది, పేదవాని కడుపు నిండింది, అది చిన్న మేలు కాదు. వెంట జొన్న రొట్టె, సజ్జ సంకటి చిన్నతనమయ్యాయి. ఆపైన ప్రత్తి వచ్చింది. ప్రత్తిని బల్ల ముందు పెట్టేవారు తక్కువ, తూకం వేసి అమ్మి కవరులో నోటు తెచ్చేవారు ఎక్కువ. నేడు చాలా గుడులలో కోత పండుగ అంటే కవర్ల పండుగ. కోశాధికారికి సుఖమే. కాని ఏడాదికొకసారి సంఘమంతా కలిసి, ఈ ఏడు మన నేల ఏమి ఇచ్చింది అని కళ్ళతో చూసుకునే అవకాశం పోయింది. మా ఎరుకలో సంఘం పోగొట్టుకున్నవాటిలో ఇది చాలా పెద్దది, దీని గురించి ఎవరూ తీర్మానం చేయలేదు.

జహీరాబాదు ప్రాంతంలో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల స్త్రీలు మాత్రం పాత పంటలను వదలలేదు. వారిలో అధికులు దళిత స్త్రీలు, చదువు రానివారు చాలామంది. ఎర్రనేల చెలకలలో ఒకే చేలో జొన్న, కంది, సజ్జ, కొర్ర, పెసర కలిపి వేస్తారు. విత్తనం ఇంటి కుండలో బూడిద కలిపి దాచుకుంటారు. ఏటా సంక్రాంతి మొదలుకొని ఎడ్లబండ్ల మీద విత్తనాలు పేర్చుకుని ఊరూరా పాత పంటల జాతర చేస్తారు. 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ పురస్కారం వారికి వచ్చింది. ఆ జాతర గురించి వింటే మాకు మన పాత కోత పండుగే జ్ఞాపకం వస్తుంది. అది చర్చి వ్యవహారం కాదు. సంఘం మానుకున్న పనిని సంఘం బయట ఉన్నవారు చేస్తున్నారని మాత్రం గుర్తించాలి.

మిషను కాంపౌండ్ల చెట్ల గురించి వ్రాయాలంటే మనసు బరువెక్కుతుంది. వేప, చింత, మామిడి, కానుగ, దొరలు తెచ్చి నాటిన నిద్రగన్నేరు. ఆ నీడలో బైబిలు స్త్రీలు తరగతులు నడిపారు, రోగులు డాక్టరమ్మ కోసం కూర్చున్నారు, ఎన్నో పెండ్లిళ్ళు కుదిరాయి. పట్టణాలలో ఆ స్థలాల వెల పెరిగింది. దుకాణాల సముదాయాలకు, ప్రహరీ గోడలకు అడ్డమని చెట్లు పోయాయి. ఏ పట్టణంలో ఏ కమిటీ కాలంలో అని మేము వ్రాయము, చదువరులకు ఎవరి ఊరిది వారికి తెలుసు. 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అధికారుల అనుమతి పొందాలి, కొట్టినదానికి బదులు నాటాలి. ద్వితీయోపదేశకాండం ఇరువదవ అధ్యాయం ఇంకా ముందుకు వెళ్ళి, యుద్ధంలో పట్టణాన్ని ముట్టడించినప్పుడు సైతం పండ్లచెట్టు మీద గొడ్డలి ఎత్తకూడదంటుంది. మన కమిటీలు ఎవరితోనూ యుద్ధంలో కూడా లేవు.

వేదాంతం సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాము. 1967లో లిన్ వైట్ అనే అమెరికన్ చరిత్రకారుడు, ప్రకృతికి వచ్చిన ముప్పుకు క్రైస్తవ భావాలే మూలమని ఒక వ్యాసం వ్రాశాడు. వేదాంత కళాశాలలో మా తరగతిలో దాని మీద రెండు రోజులు వాదన నడిచింది. ఏలుబడి అన్న ఆదికాండం మొదటి అధ్యాయపు మాటను పట్టుకుని ఆయన వ్రాసినదానికి రెండవ అధ్యాయంలోనే జవాబు ఉన్నది. ఆదాముకు తోట విషయమై ఇచ్చిన పని సగం సాగు, సగం కాపలా. లేవీయకాండం ఇరువది యయిదవ అధ్యాయంలో నేలకు కూడా ఏడేండ్లకొకసారి విశ్రాంతి ఉన్నది. నాబోతు ద్రాక్షతోట కథ ఉండనే ఉన్నది. ప్రపంచ సంఘాల సమాఖ్య 1983లో వాంకూవరులో న్యాయం, సమాధానం, సృష్టి సమగ్రత అన్న మూడింటిని ఒకే తాడున కట్టింది. 1989లో కాన్‌స్టాంటినోపుల్ పేట్రియార్కు దిమిత్రియోస్ గారు సెప్టెంబరు 1ని సృష్టి కొరకు ప్రార్థన దినంగా ప్రకటించారు. 1990లో ఆంగ్లికన్ సంఘాలు తమ సేవా లక్షణాలలో సృష్టి సంరక్షణను ఐదవదిగా చేర్చుకున్నాయి. దక్షిణ ఇండియా సంఘం సినడు 1992 నుండి ఈ పనికి ఒక విభాగాన్ని నడుపుతున్నది. తీర్మానాలకు కొదువలేదు. సినడు నుండి డయోసీసుకు, డయోసీసు నుండి పాస్టరేటుకు వచ్చిన సర్క్యులరు, గురువుగారి బల్ల సొరుగు దాటి పల్లెకు ఎలా పోవాలి అన్నదే మన కష్టం.

మాకు తోచిన దారి ఒకటే. సంఘానికి ఉపదేశం తరువాత ఇవ్వండి, ముందు కొలత ఇవ్వండి. దీనికి మంచి ఉదాహరణ మన మెట్ట జిల్లాలలోనే ఉన్నది. 2003 తరువాత అనంతపురం, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ మొదలైన ఏడు కరువు జిల్లాలలో రైతులే భూగర్భజలాన్ని చూసుకునే పథకం ఒకటి ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ తోడ్పాటుతో కొన్నేళ్ళు నడిచింది. అందులో ఎవరినీ బోరు మూసుకోమనలేదు, ఎవరికీ డబ్బు ఇవ్వలేదు. రైతులకు వాన కొలిచే పాత్ర ఇచ్చి, బోరులో నీటిమట్టం కొలవటం నేర్పారు. వాన ఎంత పడింది, నేలలోకి ఎంత దిగింది, ఈ పంటలు వేస్తే ఎంత ఖర్చవుతుంది అని ఊరందరూ చూసేటట్టు గోడ మీద వ్రాసుకున్నారు. ఆ లెక్క చూసి చాలామంది తమంతట తామే వరి తగ్గించి తక్కువ నీటి పంటలకు మళ్ళారు. గద్దించి చెప్పిన చోట జరగని పని గోడ మీది అంకె చేసింది.

మా పాస్టరేటులో ఇదే పద్ధతిని చిన్నగా మొదలుపెట్టాము. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభుభోజన సంస్కారం ముగిశాక, నిర్ధారణ తరగతి పిల్లలు గుడి నూతిలోకి ముడులు వేసిన తాడు దించి నీటిమట్టం చూస్తారు. ఆ అంకెను హాజరు, కానుక వ్రాసే నల్లబల్ల మీదనే వాటి కింద వ్రాస్తారు. మొదట పెద్దలు కొందరు నవ్వారు. మూడవ నెలకు, పాత నూతి మట్టం వారి చిన్నప్పుడు ఎంత ఉండేదో చెప్పటానికి వాళ్ళే గట్టు మీదికి వచ్చారు. చిన్న లెక్క మరొకటి చెప్పాము. నూరు చదరపు మీటర్ల పైకప్పు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే నూరు లీటర్లు. ఏడాదికి 800 మిల్లీమీటర్లు కురిసే చోట ఆ కప్పు మీద పడేది 80,000 లీటర్లు. అందులో కొంత ఇంకిపోయినా, చిందిపోయినా, మిగిలినది గొట్టం గుండా నూతి ప్రక్క ఇంకుడు గుంటలోకి దించితే పోయేదేమున్నది? ఈ లెక్క విన్న తరువాత గొట్టాలకు చందా అడగవలసిన పని పడలేదు.

విందుల సంగతి స్త్రీల మైత్రి చేతిలో పెట్టాము. ఇందులో మా ప్రమేయం ఎంత తక్కువైతే అంత మంచిదని తెలుసుకున్నాము. 2022 జూలై 1 నుండి దేశంలో థెర్మోకోలు పళ్ళాలు, ప్లాస్టిక్ గ్లాసులు, చెంచాలు, అలంకరణకు వాడే థెర్మోకోలు, నూరు మైక్రాన్ల కంటె పలుచని ప్లాస్టిక్ బ్యానర్లు నిషిద్ధం. చట్టం ఉన్నదని చెబితే వినేవారు తక్కువ. స్త్రీలు వేరే దారి పట్టారు. ఏజెన్సీ నుండి అడ్డాకు విస్తళ్ళు, ఇటు మోదుగ విస్తళ్ళు తెప్పించి, స్టీలు గ్లాసులు రెండు వందలు కొని, పెండ్లికి కావలసినవారు అద్దెకు తీసుకోవాలని నియమం పెట్టారు. అద్దె సొమ్ము మైత్రి పెట్టెలోకి. ఎవరి గ్లాసు పోయినా వెదికి పట్టుకునే శ్రద్ధ వారికున్నది. క్రిస్మసుకు వెదురు బద్దలతో, రంగు కాగితంతో నక్షత్రం చేయటం వచ్చిన ముసలాయన ఒకరు మిగిలి ఉంటే, యువజనులను ఆయన దగ్గర కూర్చోబెట్టారు.

ఫ్లెక్సీల దగ్గర మాత్రం గట్టిగా చిక్కు పడింది. నిషేధం పలుచని బ్యానర్లకే గనుక మందమైనవి వేయిస్తామంటారు. అసలు చిక్కు మందంలో లేదు, ఫ్లెక్సీ మీద ఎవరి ముఖం ఎంత పెద్దదిగా ఉండాలన్నదానిలో ఉన్నది. గుడ్డ మీద అక్షరాలు వ్రాయిస్తే ముఖాలు పడవు. పాస్టరు ముఖంతో సహా తీసేద్దామన్న తరువాతే ఆ చర్చ ముగిసింది. ఇది వ్రాస్తున్నందుకు నొచ్చుకోవద్దని మా తోటి గురువులను కోరుతున్నాము.

ఇంకొక మాట. లెక్క అడిగేటప్పుడు ఎవరిని ముందు అడగాలి? పల్లెలో ప్రార్థన గదికి రెండు బల్బులు, ఒక ఫ్యాను. పట్టణ సంఘంలో శీతల యంత్రాలు, జనరేటరు, బయట ముప్పై కార్లు. కాలుష్యం మీద ప్రసంగం మాత్రం ఇద్దరికీ ఒకటే. ఎండలో కూలికి పోయేవారిని వడదెబ్బ ముందు తాకుతుంది, నీరు ఎండితే వారి ఆడపిల్ల బడి మాని బిందె ఎత్తుకుంటుంది. తక్కువ వాడినవారు ఎక్కువ బాధ మోస్తున్నారు. కాబట్టి డయోసీసులో ఈ పట్టీ వ్రాయటం మొదలుపెడితే పెద్ద పాస్టరేట్ల కరెంటు బిల్లుతో మొదలుపెట్టాలని మా మనవి. పల్లె నూతి లెక్క దాని ప్రక్కన వ్రాయవచ్చు. డయోసీసు కౌన్సిలుకు ఏటా వచ్చే నివేదికలో బాప్తిస్మాలకు, వివాహాలకు, కానుకలకు గడులు ఉన్నాయి. నూతి మట్టానికి, బ్రతికి ఉన్న చెట్లకు మరో రెండు గడులు గీయటానికి ఏ సవరణా అక్కరలేదు, స్కేలు ఉంటే చాలు. నాటిన మొక్కల సంఖ్య వద్దు. బ్రతికినవే వ్రాయమనాలి.

వచ్చే కోత పండుగకు కవర్లతోపాటు కంకులు కూడా తేవాలని మా పాస్టరేటులో రెండు పల్లెల స్త్రీలు అనుకున్నారు. ఒకామెకు ఇంటి వెనుక రెండు కుంటలు ఉన్నది. ఇంకొకామె గుడి స్థలంలో ఒక మూల అడిగింది, కమిటీ ఇచ్చింది. పచ్చజొన్న వేయాలని వారి కోరిక. ఆ విత్తనం మా చుట్టుప్రక్కల ఎవరి కుండలోనూ లేదు. జహీరాబాదు వైపు బంధువులున్నవారి ద్వారా కబురు పెట్టి ఎదురుచూస్తున్నారు.